కోసినా బతికే ఉంటాయి: పండ్లు, కూరగాయలు ఇంట్లో ఎందుకు పాడవుతాయి?

తాజా కొత్తిమీర కట్టను కవరుతో సహా ఫ్రిజ్‌లో పడేస్తే మూడో రోజుకో నాలుగో రోజుకో ఏమవుతుందో చాలామంది చూసే ఉంటారు. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి. రబ్బరు బ్యాండు బిగించిన చోట మాత్రం కాడలు నల్లబడి, ముట్టుకుంటే జిగటగా వేళ్లకు అంటుకుంటాయి. కవరు అడుగున రెండు చెంచాల నీళ్లు చేరి ఉంటాయి. పోనీ అని ఇంకో కట్టను కవరు తీసేసి అదే అరలో పెడితే, అది కుళ్ళదు గానీ మర్నాటికల్లా తల వేలాడేస్తుంది. మూసి పెడితే కుళ్ళిపోతుంది, తెరిచి పెడితే వడలిపోతుంది. ఇంట్లో కూరగాయలు దాచడంలో ఉన్న చిక్కు చాలావరకు ఇదే. ఒక రకంగా పాడవకుండా చూస్తే ఇంకో రకంగా పాడవుతాయి.

కాయ కోసినంత మాత్రాన చచ్చిపోదు. మొక్క నుంచి నీళ్లు, తిండి అందడం ఆగిపోతుందే తప్ప లోపలి కణాలు బతికే ఉంటాయి, ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ తీసుకుని, తనలో దాచుకున్న చక్కెరను కరిగించుకుని, కార్బన్ డయాక్సైడ్‌నీ నీటినీ కాస్త వేడినీ బయటికి వదులుతాయి. రాబడి ఆగింది, ఖర్చు మాత్రం ఆగలేదు. కాబట్టి నిల్వ చేయడం పేరిట మనం చేయగలిగింది ఆ ఖర్చును నెమ్మదింపజేయడమే. అందుకు అన్నిటికంటే బాగా పనిచేసేది చల్లదనం. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే చాలు, ఈ శ్వాస వేగం దాదాపు రెండు నుంచి మూడు రెట్లు అవుతుంది. ఆ లెక్కన 30 డిగ్రీల వేడి ఉన్న వంటింట్లో ఒక్క రోజు గడిపిన ఆకుకూర, 10 డిగ్రీల దగ్గర కనీసం నాలుగు రోజులు ఉన్నంత ముసలిదవుతుంది. తెచ్చిన సంచి సాయంత్రం దాకా గట్టు మీదే ఉండిపోతే పోయే కాలం, తర్వాత ఫ్రిజ్ ఎంత బాగా పనిచేసినా తిరిగి రాదు.

అన్నిటి ఖర్చూ ఒకేలా ఉండదు. బంగాళదుంప, ఉల్లి లాంటివి మొక్క తన భవిష్యత్తు కోసం కట్టుకున్న గోదాములు. నెలల తరబడి నిద్రపోవడానికే పుట్టాయి, అందుకే నెమ్మదిగా ఊపిరి తీస్తాయి. పచ్చి బఠానీ, లేత మొక్కజొన్న, పుట్టగొడుగులు, బ్రకోలీ, ఆకుకూరలు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఇవన్నీ పెరుగుదల జోరు మీదుండగా కోసినవి. తియ్యటి మొక్కజొన్న కండె బయట ఒక రోజు ఉంటే దాని చక్కెర పిండిగా మారి రుచి చప్పబడిపోతుంది. చూడటానికి మాత్రం ఏ తేడా కనబడదు. వారానికి సరిపడా ఒకేసారి కొనేవాళ్లు ముందు ఆకుకూరలు, పుట్టగొడుగులు వండేసి, క్యాబేజీ, క్యారెట్‌లను వారం చివరికి ఉంచుకుంటే ఏ డబ్బా, ఏ చిట్కా లేకుండానే చాలా వృథా తగ్గుతుంది. ఏది ముందు వండాలో చూసుకోవడమే ఒక నిల్వ పద్ధతి. ఎందుకో దీన్ని ఎవరూ చిట్కాల్లో లెక్కేయరు.

ఆకుల మీద నీరు, గాలిలో తేమ

చాలా కూరగాయల్లో 90 శాతానికి పైగా నీరే. కీరదోసలో అయితే 95 శాతం. ఆకు తన బరువులో అయిదు శాతం నీరు పోగొట్టుకుంటే చాలు, వాడిపోయినట్టు కనిపిస్తుంది. కణాల్లో నీరు నిండుగా ఉన్నప్పుడు వాటి గోడలు బిగువుగా ఉంటాయి, కరకరలాడటానికి కారణం అదే. నీరు తగ్గితే గాలి తగ్గిన ట్యూబులా మెత్తబడతాయి. ఇది పాడవడం కాదు, దాహం. వడలిన ఆకుకూరను కాడల చివరలు కొద్దిగా కోసి, చల్లటి నీళ్లలో పావుగంట నుంచి అరగంట పాటు ఉంచితే చాలాసార్లు మళ్లీ నిలబడుతుంది. మెత్తబడ్డ క్యారెట్‌ అయినా అంతే, కాకపోతే దానికి కొన్ని గంటలు పడుతుంది. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ తెచ్చిన వెంటనే ఆకులు తుంచేయాలి అనడం కూడా ఇందుకే. పైనున్న ఆకులు దుంపలోని నీటిని లాగి గాలికి వదిలేస్తుంటాయి. ఆకులు పచ్చగా కళకళలాడుతుంటే ఆ కళ దుంప సొమ్మేనన్నమాట.

మరి నీరు పోకుండా కవరులో గట్టిగా మూసేస్తే సరిపోదా? అక్కడే కొత్తిమీర కథ మొదలవుతుంది. మూసిన కవరులో ఆకులు వదిలిన ఆవిరి చల్లటి ప్లాస్టిక్‌కు తగిలి చుక్కలుగా మారి కిందికి జారుతుంది. రబ్బరు బ్యాండు కింద కాడలు నలిగి, వాటి రసం బయటికి వచ్చి ఉంటుంది. బ్యాక్టీరియాకు కావలసినవి రెండే, నీళ్ల పొర, కాస్త తిండి. రెండూ ఒకే చోట దొరికాయి. పైగా బొత్తిగా గాలాడని చోట ఆక్సిజన్ అయిపోతే కణాలు పులియడం మొదలుపెట్టి అదోరకం సారా వాసన వేస్తాయి.

కాబట్టి చుట్టూ గాలిలో తేమ ఉండాలి, ఆకు మీద మాత్రం నీళ్లు ఉండకూడదు. ముందు బ్యాండు తీసేయాలి. నలిగినవి, నల్లబడ్డవి ఏరేయాలి. మిగిలినవాటిని పొడి పలచటి గుడ్డలోనో టిష్యూలోనో వదులుగా చుట్టి డబ్బాలో పెట్టాలి. ఆకుల నుంచి బయటికి పోయే తేమను డబ్బా ఆపుతుంది, గుడ్డ చుక్కలుగా మారిన నీటిని పీల్చుకుంటుంది. గుడ్డ బాగా తడిసిపోతే మార్చడం ఒక్కటే మిగిలిన పని. గ్లాసులో వేలెడు నీళ్లు పోసి కాడలు అందులో ఉంచి, పైన కవరు వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి కూడా కొత్తిమీరకు బాగానే పనిచేస్తుంది. తేడా ఏమిటంటే ఆ నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి, ఆ ఓపిక ఎందరికి ఉంటుందన్నదే అనుమానం.

కడిగి దాచాలా, దాచి కడగాలా అన్న వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. కడగడం వల్ల నష్టం లేదు, తడిగా దాచడం వల్లే నష్టం. పూర్తిగా ఆరబెట్టే తీరిక ఉంటే ముందే కడుక్కోవచ్చు. లేకపోతే వండే ముందు కడగడమే మేలు. స్ట్రాబెర్రీ, ద్రాక్ష, పుట్టగొడుగుల్లాంటి వాటి విషయంలో మాత్రం రెండో మాట లేదు, వాటిని తినే ముందే కడగాలి.

వీధి దీపాల నుంచి పండ్ల బుట్ట దాకా

శ్వాస, తేమ తర్వాత మూడో సంగతి కంటికి కనబడనిది. 19వ శతాబ్దంలో నగరాల్లో వీధి దీపాలకు బొగ్గు నుంచి తీసిన గ్యాస్ వాడేవారు. ఆ గొట్టాలు లీకయిన చోట్ల పక్కనున్న చెట్లు కాలం కాని కాలంలో ఆకులు రాల్చేసేవి. రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యుబోవ్ అనే విద్యార్థి తన ల్యాబులో బఠానీ మొలకలు నిటారుగా పెరగకుండా పక్కకు వాలి పెరగడం గమనించి, కారణం వెతుక్కుంటూ పోయాడు. ఆ గ్యాస్‌లో ఉన్న ఇథిలీన్ అనే వాయువే ఇందుకు కారణమని 1901లో తేల్చాడు. దాన్ని పండ్లు తమంతట తామే తయారు చేసుకుంటాయని 1934లో రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త యాపిల్స్ మీద రుజువు చేశాడు. ఒక పండు వదిలే వాయువు పక్క పండుకు కబురులా పనిచేస్తుంది. అది అందుకున్న పండు తానూ మాగడం మొదలుపెట్టి, తన వంతు ఇథిలీన్ వదులుతుంది.

ఈ కబురు అందరూ వినరు. తెలుగులో కాయ, పండు అని వేర్వేరు మాటలు ఉండటం ఇక్కడ భలే కలిసొస్తుంది. కొన్ని కాయలుగా కోసినా ఇంట్లో పండ్లవుతాయి. మామిడి, అరటి, బొప్పాయి, జామ, సపోటా, టమాటా, యాపిల్, పియర్, అవకాడో, కివీ ఆ జాతివి. దోరగా ఉన్నవాటిని బయట ఉంచితే రోజుల్లో మాగుతాయి. ద్రాక్ష, నిమ్మ, నారింజ, దానిమ్మ, అనాస, స్ట్రాబెర్రీ, చెర్రీ, పుచ్చకాయ మాత్రం కోసే సమయానికి ఎంత తీపి ఉందో అంతే. ఇంట్లో వారం ఉంచినా పులుపు ద్రాక్ష తియ్యబడదు, మెత్తబడి ముడతలు పడటం తప్ప. కాబట్టి మొదటి రకాన్ని మాగేదాకా బయట ఉంచి తర్వాత చల్లటి చోటికి మార్చాలి. రెండో రకంలో ఎక్కువవాటికి ఎదురుచూపు దండగ, తెచ్చిన రోజే ఫ్రిజ్‌లోకి పోవచ్చు.

ఇథిలీన్‌ను మన పనికి వాడుకోవచ్చు. పచ్చి అవకాడోనో కివీనో కాగితం కవరులో పండిన అరటిపండుతో కలిపి ఉంచితే వాయువు లోపలే పోగుపడి తొందరగా మాగుతుంది. ప్లాస్టిక్ కాకుండా కాగితం ఎందుకంటే, ప్లాస్టిక్‌లో చెమట పట్టి బూజు వస్తుంది. అదే వాయువు ఆకుకూరలకు, బ్రకోలీకి, కీరదోసకు మాత్రం శత్రువు, వాటి పచ్చదనాన్ని పసుపు చేస్తుంది. క్యారెట్‌ను అయితే ఏకంగా చేదెక్కిస్తుంది. చక్కటి క్యారెట్ చేదుగా తగిలితే ఆ అరలోనే యాపిల్స్ ఏమైనా ఉన్నాయేమో చూడాలి. దెబ్బ తగిలిన పండు మామూలుకంటే ఎక్కువ ఇథిలీన్ వదులుతుంది, కుళ్ళు పట్టినదైతే దాంతోపాటు బూజు బీజాల్ని కూడా పంచుతుంది. రోజుకోసారి బుట్ట వైపు చూసి దెబ్బతిన్నది తీసేయడానికి అర నిమిషం చాలు.

అరటి గెలల ముచ్చికకు ప్లాస్టిక్ చుట్టే చిట్కా ఒకటి తెగ తిరుగుతుంటుంది. ఇథిలీన్ వచ్చేది ముచ్చిక నుంచి మాత్రమే కాదు, పండు మొత్తం నుంచి. కాబట్టి దాని మీద పెద్దగా ఆశలు పెట్టుకోనక్కర్లేదు. పండిన అరటిని ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది గానీ లోపలి గుజ్జు కొన్ని రోజులు బాగానే ఉంటుంది. నల్ల తొక్క చూసి హడలిపోయి పారేయడమే అసలు నష్టం.

చలి పడనివి

చల్లదనం మంచిదని మొదట అన్నాం, ఇప్పుడు దానికి మినహాయింపులు. వేడి ప్రాంతాల్లో పుట్టిన మొక్కల కాయల్లో కణాల పొరలు చలికి తట్టుకునేలా తయారవలేదు. అరటికాయ 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తొక్క మసకబడుతుంది, తర్వాత సరిగ్గా మాగదు కూడా. కీరదోస, వంకాయ, బెండకాయ, బీన్స్ లాంటివి 7 నుంచి 10 డిగ్రీల కంటే కిందికి వెళ్తే ఇబ్బంది పడతాయి. ఇంటి ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే ఇవన్నీ అక్కడ చలికి వణుకుతున్నట్టే. మోసం ఏమిటంటే లోపల ఉన్నంతసేపు ఏమీ కనబడదు. బయటికి తీశాకే గుంటలు, నీరు కారే మచ్చలు, వంకాయ గింజల చుట్టూ నలుపు బయటపడతాయి. అలాగని వాటిని మండే వంటింట్లో వదిలేస్తే అంతకంటే ముందే పోతాయి. రెండు మూడు రోజుల్లో వండేసేవైతే ఫ్రిజ్‌లో తక్కువ చల్లగా ఉండే ముందు వైపున పెట్టడం మధ్యేమార్గం. తులసి జాతికి చెందిన బేసిల్ ఆకు అయితే ఆ మాత్రం కూడా ఓర్చుకోదు, నల్లబడిపోతుంది. దాన్ని పూలలాగా గ్లాసు నీళ్లలో బయటే ఉంచాలి.

టమాటా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుందనేది పాత మాటే. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హ్యారీ క్లీ బృందం పండిన టమాటాలను 5 డిగ్రీల దగ్గర వారం ఉంచి చూసింది. చక్కెరలు, ఆమ్లాలు పెద్దగా మారలేదు. వాసననిచ్చే పదార్థాలు మాత్రం బాగా తగ్గిపోయాయి, వాటిని తయారు చేసే జన్యువుల పని మందగించింది, తిరిగి బయట ఉంచినా పూర్తిగా కోలుకోలేదు. అంటే నాలుక మీద తీపి, పులుపు ఉంటాయి, టమాటా వాసనే ఉండదు. దీన్ని పట్టుకుని టమాటాను ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టకూడదని శపథం చేయడం కూడా అతి అవుతుంది. దోరవాటిని బయట, నేరుగా ఎండ తగలని చోట ఉంచాలి. పూర్తిగా పండి, ఒకటి రెండు రోజుల్లో తినలేమనుకుంటే ఫ్రిజ్ మేలు. వాసన తగ్గిన టమాటా, కుళ్ళిన టమాటా కంటే నయమే కదా, అందులోనూ వండబోయేదైతే ఆ తేడా పట్టించుకోనవసరమే లేదు.

ఇక ఫ్రిజ్ లోపల కూడా అంతా ఒకే చలి కాదు. తలుపు అరలు అన్నిటికంటే వెచ్చన, చాలా ఫ్రిజ్‌లలో వెనక గోడ దగ్గర అన్నిటికంటే చల్లన. ఆకుకూర వెనక గోడకు ఆనుకుంటే గడ్డకట్టి, కరిగాక ఉడికించిన ఆకులా ముద్దవుతుంది. కింద కూరగాయల డ్రాయర్‌కు చాలా మోడల్స్‌లో ఒక చిన్న జారుడు మీట ఉంటుంది. ఏళ్లుగా ఫ్రిజ్ వాడుతున్న ఇళ్లలో కూడా అదెందుకో తెలియకుండా ఎటో ఒకవైపు ఉండిపోతుంది. మూస్తే లోపల తేమ నిలుస్తుంది, ఆకుకూరలు, క్యారెట్, బ్రకోలీకి అది కావాలి. తెరిస్తే తేమతోపాటు ఇథిలీన్ కూడా బయటికి పోతుంది, యాపిల్, పియర్ లాంటి పండ్లకు అది నయం. డ్రాయర్ ఒక్కటే ఉంటే ఆకుకూరలకిచ్చి, పండ్లను పై అరలోకి మార్చడం మంచిది.

ఉల్లిపాయ, బంగాళదుంప పక్కపక్కనే

రెండింటినీ కలిపి ఉంచకూడదన్న సలహా సరైనదే, దానికి చెప్పే కారణమే కొంచెం తేడా. ఉల్లిపాయ వదిలే ఇథిలీన్‌తో దుంపలు మొలకెత్తుతాయంటారు. నిజానికి ఉల్లి వదిలే ఇథిలీన్ చాలా తక్కువ. పైపెచ్చు దుంపల గోదాముల్లో మొలకలు పెరగకుండా ఆపడానికి ఇథిలీన్‌నే వాడతారు. అసలు గొడవ తేమ దగ్గర వస్తుంది. బంగాళదుంపకు కాస్త తేమ, చల్లదనం, చీకటి కావాలి. ఉల్లికి పొడిగా ఉండి గాలి బాగా ఆడాలి. పక్కన పెడితే దుంప వదిలే తేమకు ఉల్లి మెత్తబడుతుంది, బూజు పడుతుంది. వెల్లుల్లికి కూడా ఉల్లి పద్ధతే. ఫ్రిజ్ చల్లదనం వెల్లుల్లికి మొలకెత్తే వేళయిందని చెప్పినట్టు అవుతుంది.

దుంపకు చీకటి ఎందుకంటే, వెలుతురు తగిలిన వైపు పచ్చబడుతుంది. ఆ పచ్చదనం పత్రహరితమే, దాంతో ప్రమాదం లేదు. కానీ అదే వెలుతురుకు సొలనిన్ లాంటి చేదు విషాలు కూడా పెరుగుతాయి, ఉడికించినా అవి పోవు. కొద్దిగా పచ్చబడితే ఆ భాగం, మొలకలు మందంగా చెక్కేయాలి. బాగా పచ్చబడి చేదుగా ఉంటే పారేయాలి. చలిలో దుంపల పిండి చక్కెరగా మారుతుందని, వేయించినప్పుడు అక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఎక్కువ వస్తుందని, ఫ్రిజ్ వద్దని చాలాకాలం చెప్పారు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ కూడా అదే చెప్పేది. ఇంటి ఫ్రిజ్ వల్ల చెప్పుకోదగ్గ తేడా రాదని పరిశోధనలో తేలడంతో 2023లో ఆ సలహాను సడలించింది. రంగు, రుచి మారే మాట వేరు. చల్లటి చీకటి మూల దొరికే ఇంట్లో ఫ్రిజ్ అవసరమే రాదు.

ఫ్రిజ్ లేకుండా చల్లబరచడం కూడా కొత్తేమీ కాదు. నైజీరియాకు చెందిన మహమ్మద్ బా అబ్బా 1990లలో ఒక మట్టికుండలో ఇంకో కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి తడిపి, పైన తడిగుడ్డ కప్పే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఇసుకలోని నీరు ఆవిరవుతూ లోపలి కుండ వేడిని లాగేస్తుంది. మూడు రోజుల్లో పాడయ్యే వంకాయలు అందులో 27 రోజులు నిలిచాయని ఆయన ప్రయోగాల లెక్క. ఇది పొడి గాలి ఉన్న చోటే పనిచేస్తుంది. ఉక్కపోత వాతావరణంలో నీరు సరిగా ఆవిరవదు, లోపల బూజు మాత్రం హాయిగా పెరుగుతుంది.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. అదంతా కూరగాయలే కాదు, నిజమే. అయినా బాగున్నదాన్ని అనుమానంతో పారేయడం, పారేయాల్సినదాన్ని మొహమాటంతో ఉంచుకోవడం రెండూ ప్రతి ఇంట్లో జరిగేవే. కోసిన యాపిల్ గోధుమరంగుకు తిరగడం కుళ్ళు కాదు, కత్తి తగిలిన కణాల్లోని ఎంజైము గాలితో కలిసి చేసే పని. నిమ్మరసం రాస్తే ఆ ఎంజైము జోరు తగ్గుతుంది. బూజు పట్టినదాని విషయంలో అది గట్టిదా మెత్తనిదా అన్నది చూడాలి. క్యారెట్, క్యాబేజీ లాంటి గట్టివాటిలో బూజు లోతుకు పోలేదు, మచ్చ చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల మేర కోసేస్తే మిగతాది వాడుకోవచ్చు. కత్తి మాత్రం బూజుకు తగలకూడదు. టమాటా, కీరదోస, స్ట్రాబెర్రీ లాంటి మెత్తనివాటిలో పైన కనిపించేదానికంటే లోపల ఎక్కువ పాకి ఉంటుంది, వాటిని మొత్తంగా పారేయాల్సిందే.

ముక్కలుగా కోసిన పండ్ల దగ్గర ఈ లెక్కలేవీ చెల్లవు. తొక్క అనే గోడ పోయాక రసం మొత్తం సూక్ష్మజీవులకు విందు. పుచ్చకాయ, ఖర్బూజాల్లో పులుపు కూడా తక్కువ కాబట్టి సూక్ష్మజీవులు ఇంకా త్వరగా పెరుగుతాయి. కోసిన ముక్కలు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే. ముక్కల్లో ఉన్న ప్రమాదం చూపుకు గానీ వాసనకు గానీ తెలియకపోవచ్చు. రాత్రంతా బల్ల మీద ఉండిపోయిన ముక్కలు ఎంత బాగా కనిపించినా తినకూడదు.

ఎక్కువైపోయినవాటిని ఫ్రీజర్‌లో −18 డిగ్రీల దగ్గర దాచుకోవచ్చు. బఠానీ, బీన్స్, బ్రకోలీ లాంటివాటిని ముందు మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, ఆరబెట్టి పెట్టాలి. లేకపోతే గడ్డకట్టినా ఎంజైములు నెమ్మదిగా పనిచేస్తూ రంగు, రుచి చెడగొడతాయి. ఐసు స్ఫటికాలు కణాల గోడల్ని చీల్చేస్తాయి కాబట్టి కరిగాక కరకర ఉండదు. సలాడ్‌కు పనికిరావు, వంటకు పనికొస్తాయి. మరీ మాగిపోయిన అరటిపండును మాత్రం తొక్క తీసి ముక్కలు చేసి పెట్టాలి. తొక్కతోనే పెడితే గడ్డకట్టిన తొక్క ఒలవడం పెద్ద తలనొప్పి.